చలివేంద్రం తెరిచిన మర్నాడు: విశాఖ మహిళా సేవా క్లబ్బుల పనిని ఎలా చూడాలి?

ఏటా మార్చి నెలాఖరు వచ్చేసరికి విశాఖపట్నంలో ఆర్టీసీ కాంప్లెక్స్ పరిసరాల్లో, మద్దిలపాలెం, కంచరపాలెం, గాజువాక కూడళ్లలో చలివేంద్రాల పందిళ్లు వెలుస్తాయి. కొబ్బరాకుల నీడన ఇసుక పోసి, దాని మీద మట్టికుండలు నిలబెట్టి, వాటికి తడిగుడ్డ చుట్టి, ముందు బ్యానరు కడతారు. ఒకే రంగు చీరలు కట్టుకున్న పది పదిహేనుమంది మహిళలు వచ్చి, ముఖ్య అతిథి చేత రిబ్బను కత్తిరింపజేసి, ఆ పూట దారిన పోయేవారందరికీ మజ్జిగ పోస్తారు. మర్నాడు దినపత్రిక జిల్లా పేజీలో ఫొటో వస్తుంది. అది చూసి కొందరు మెచ్చుకుంటారు. కొందరు ఇదంతా ప్రచారం కోసమేనని తీసిపారేస్తారు. ఈ రెండు అభిప్రాయాలూ ఆ ఒక్క పూటను చూసి ఏర్పడినవే. మర్నాటి నుంచి జూన్‌లో తొలకరి పడేదాకా ఆ కుండను రోజూ ఎవరు కడిగి నింపారన్నది తెలిస్తే తప్ప ఆ పందిరి విలువ తేలదు.

లెక్క వేసి చూద్దాం. 20 లీటర్ల క్యాను 200 మిల్లీలీటర్ల గ్లాసుతో 100 మందికి సరిపోతుంది. రద్దీ ఉన్న బస్టాపులో రోజుకు 500 మంది దాహం తీర్చాలంటే 5 క్యాన్లు కావాలి. 60 రోజులకు 300 క్యాన్లు. వాటిని దించుకునే చోటు, గ్లాసులు కడిగే మనిషి, కాలిబాట మీద పందిరికి నగరపాలక సంస్థ అనుమతి, రాత్రిపూట కుండలను కనిపెట్టి ఉండే పక్క కొట్టు యజమాని, ఇవన్నీ కుదరాలి. పైగా మట్టికుండ నీటిని చల్లబరిచేది దాని గోడల మీద చెమ్మ ఆవిరయ్యే క్రమంలో. సముద్రపు తేమ నిండిన విశాఖ గాలిలో ఆ చెమ్మ తొందరగా ఆరదు కాబట్టి, రాయలసీమ ఊళ్లలో చల్లబడినంతగా ఇక్కడ కుండనీరు చల్లబడదు. గాలి ఆడే చోటు చూసి పందిరి వేయడం, మధ్యాహ్నం గుడ్డను మళ్లీ తడపడం కూడా పనిలో భాగమే. ప్రారంభోత్సవానికి గంట సేపు చాలు. నిర్వహణకు రెండు నెలలు కావాలి, ఆ రెండు నెలలకూ ఒక బాధ్యురాలు ఉండాలి.

మహిళా సేవా క్లబ్బులు చేసే దాదాపు ప్రతి కార్యక్రమంలోనూ ఇదే ప్రశ్న ఎదురవుతుంది కనుక, ముందుగా ఈ క్లబ్బులంటే ఏమిటో, ఏవి కావో తేల్చుకోవాలి. మన దగ్గర మహిళల సంఘం అనగానే చాలామందికి డ్వాక్రా గుర్తుకొస్తుంది. 1982లో కేంద్ర పథకంగా మొదలైన డ్వాక్రా పేరు, తర్వాత తెలుగునాట వేలాదిగా పెరిగిన పొదుపు సంఘాలన్నిటికీ వాడుకపేరుగా స్థిరపడింది. ఆ సంఘంలో పదిమందో పన్నెండుమందో సభ్యులు తమ డబ్బు తాము కూడబెట్టుకుని, బ్యాంకు రుణం తీసుకుని, తమలో తాము పంచుకుని తీరుస్తారు. నగరంలో వీటిని మెప్మా, గ్రామాల్లో సెర్ప్ అనే పేదరిక నిర్మూలన ప్రభుత్వ సంస్థలు చూస్తాయి. సేవా క్లబ్బులో సభ్యులు చందా కట్టేది ఇతరుల కోసం. దాని నుంచి వారికి రుణం రాదు, ఆదాయం రాదు. కాలనీ సంక్షేమ సంఘపు మహిళా విభాగం తన వీధి దీపాలు, పార్కు, పండుగల గురించి ఆలోచిస్తుంది. మహిళా మండలి వీటన్నిటికంటే పాతది.

ఆ పాతదనం గురించి ఒక్క మాట చెప్పాలి. క్లబ్బు అన్న మాట ఇంగ్లండు నుంచి వచ్చింది గనుక ఈ పని కూడా అక్కడి నుంచే వచ్చిందనుకోవడం పొరపాటు. 1902లోనే మచిలీపట్నంలో భండారు అచ్చమాంబ చొరవతో బృందావన స్త్రీ సమాజం ఏర్పడింది. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభను నెలకొల్పారు. చదువు మధ్యలో ఆగిపోయిన స్త్రీలను పరీక్షలకు సిద్ధం చేయడంతో సాగిన ఆ పని క్రమంగా వృత్తి శిక్షణ, ఆసుపత్రి, కళాశాలల దాకా విస్తరించింది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడినప్పుడు దానికి తొలి అధ్యక్షురాలు కూడా ఆమే. స్వచ్ఛంద సంస్థలకు ప్రభుత్వం గ్రాంటు ఇచ్చే పద్ధతి ఆ మండలి ద్వారానే గట్టిపడింది. ఒక సాయంత్రపు సమావేశంగా మొదలైన పని సంస్థగా మారి, తనను మొదలుపెట్టిన మనిషి తర్వాత కూడా బతకగలదని ఆంధ్ర మహిళా సభ చూపించింది.

ఇక ఈనాటి క్లబ్బుల సంగతి. విశాఖలో ఎక్కువగా కనిపించే వాటిలో ఇన్నర్ వీల్ ఒకటి. రోటరీ 1905లో షికాగోలో పురుషుల క్లబ్బుగా పుట్టింది. ఆ సభ్యుల ఇళ్లలోని స్త్రీలు కూడా సేవాపనుల్లో పాలుపంచుకునేవారు. వారిని ఒక సంఘంగా నిలబెట్టినది మాంచెస్టర్‌కు చెందిన మార్గరెట్ గోల్డింగ్ అనే నర్సు. 1924 జనవరి 10న ఆ సంఘానికి ఇన్నర్ వీల్ అని పేరు పెట్టారు. ఆ తేదీని క్లబ్బులు ఇప్పటికీ ఇన్నర్ వీల్ దినంగా జరుపుకుంటాయి. రోటరీ తన నియమావళిని మార్చి స్త్రీలను సభ్యులుగా చేర్చుకున్నది 1989లో. లయన్స్ క్లబ్బులు 1987లో. అంటే ఈనాడు సేవ చేయదలచిన స్త్రీ నేరుగా రోటరీలోనో లయన్స్‌లోనో చేరవచ్చు. అయినా పూర్తిగా స్త్రీలే నడిపే క్లబ్బులు తగ్గిపోలేదు. రోటరీ సభ్యుల కుటుంబ స్త్రీలకే సభ్యత్వమన్న పాత నిబంధనను ఇన్నర్ వీల్ కూడా సడలించుకుంది. నిజమైన స్నేహం, వ్యక్తిగత సేవ, దేశాల మధ్య అవగాహన అని ఆ సంస్థ చెప్పుకునే మూడు లక్ష్యాల్లో రెండోది నా దృష్టిలో ముఖ్యమైనది. వ్యక్తిగత సేవ అంటే చెక్కు ఇచ్చి తప్పుకోవడంతో తీరేది కాదు; మనిషి స్వయంగా వెళ్లాలి.

అందుకు అడ్డుపడేది ఎవరి చిత్తశుద్ధో అని నేను అనుకోను. క్లబ్బు నిర్మాణంలోనే ఆ అడ్డంకి ఉంది. ఇన్నర్ వీల్, రోటరీ, లయన్స్, మూడింటికీ సంవత్సరం జూలై 1న మొదలై జూన్ 30న ముగుస్తుంది. అధ్యక్షురాలి పదవీకాలం సాధారణంగా ఆ పన్నెండు నెలలే. జూలైలో ఇన్‌స్టలేషన్, అంటే పదవీ స్వీకారం జరుగుతుంది, కొత్త అధ్యక్షురాలు పదవీ చిహ్నమైన కాలర్ వేసుకుంటారు, కార్యదర్శి, కోశాధికారి, ఇతర బాధ్యులు ప్రమాణం చేస్తారు. ఆ ప్రాంతపు క్లబ్బులన్నిటినీ కలిపిన డిస్ట్రిక్ట్‌కు చైర్మన్ క్లబ్బు సందర్శనకు వచ్చే నాటికి చూపించడానికి ప్రాజెక్టులు ఉండాలి, ఏడాది చివర అవార్డులకు నివేదిక పంపాలి. నివేదికలో ఎన్ని కార్యక్రమాలు, ఎంతమంది లబ్ధిదారులు అన్న గడులు నిండాలంటే ఒకే పనిని రెండేళ్లు కొనసాగించడం కంటే ఇరవై చిన్న పనులు చేయడం సులువు. పదవి చేతులు మారే పద్ధతి వల్ల ఎందరో స్త్రీలకు నాయకత్వం అలవడుతుందన్నది నిజం. అదే పద్ధతి వల్ల పని తెగిపోతుందన్నది కూడా అంతే నిజం.

డబ్బు విషయం అంతకంటే చిక్కుగా ఉంటుంది. సభ్యులు కట్టే వార్షిక చందాలో కొంత భాగం సంస్థ డిస్ట్రిక్ట్‌కు, జాతీయ, అంతర్జాతీయ విభాగాలకు వెళ్తుంది. మిగిలినది సమావేశాల ఖర్చుకే సరిపోతుంది. ప్రాజెక్టులకు డబ్బు వేరేచోట నుంచి రావాలి. సభ్యురాలు తన పెళ్లిరోజుకో, తండ్రిగారి సంవత్సరీకానికో ఇచ్చేది ఒకటి. దసరా, దీపావళి, సంక్రాంతుల ముందు చీరలు, నగలు, పిండివంటల స్టాళ్లతో పెట్టే ప్రదర్శన ద్వారా వచ్చే అద్దె మరొకటి. తెలిసిన వ్యాపారులు ఇచ్చేది ఇంకొకటి. సొంతంగా ఖాతా, ఆస్తి, పన్ను మినహాయింపు కావాలంటే క్లబ్బు ఆంధ్రప్రదేశ్ సొసైటీల నమోదు చట్టం 2001 కింద నమోదు కావాలి. ఏడుగురు సభ్యులు, ఒక నియమావళి ఉంటే చాలు. నమోదు అవడం కంటే ప్రతి ఏడూ సర్వసభ్య సమావేశం జరిపి, కార్యవర్గం జాబితాను, లెక్కలను సమర్పించడమే కష్టం. ఆ పని చేయాల్సిన కార్యదర్శి అప్పటికి మారిపోయి ఉంటారు.

దాతలు తరచూ అడిగే 80జి, అంటే విరాళం మీద దాతకు దొరికే ఆదాయపు పన్ను తగ్గింపు గురించి స్పష్టత అవసరం. సొసైటీగా నమోదయినంత మాత్రాన ఆ మినహాయింపు రాదు. ఆదాయపు పన్ను శాఖ నుంచి విడిగా అనుమతి పొందాలి. ఆ అనుమతి ఉన్న సంస్థకు ఇచ్చినా, సాధారణంగా ఇచ్చిన మొత్తంలో సగానికే, అదీ ఒక పరిమితికి లోబడి తగ్గింపు లభిస్తుంది. 2,000 రూపాయలకు మించి నగదుగా ఇస్తే తగ్గింపు వర్తించదు. బియ్యం బస్తాలు, దుప్పట్లు, కుట్టుమిషన్లు వస్తువులుగా ఇస్తే వాటికీ వర్తించదు. కొత్త పన్ను విధానంలో ఉన్న ఉద్యోగికి ఈ తగ్గింపే లేదు. కాబట్టి పన్ను కలిసొస్తుందని చెప్పి చందా అడగడం సరైన మాట కాదు. అడిగే ముందు కోశాధికారి ఈ వివరాలు తెలుసుకుని ఉండాలి.

విశాఖకు ప్రత్యేకంగా వర్తించే చిక్కు మరొకటి ఉంది. ఈ ఊళ్లో మధ్యతరగతి ఇళ్లలో చాలావాటికి అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో పిల్లలున్నారు. అక్కడి నుంచి డబ్బు పంపుతామని ప్రేమగా అంటారు. అయితే పంపేవారు ఏ దేశ పౌరులన్నది ఇక్కడ కీలకం. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసి తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అతను అమెరికా పౌరసత్వం తీసుకున్న మరుక్షణం, తెలుగువాడైనా, తల్లి అదే క్లబ్బులో సభ్యురాలైనా, అతను పంపేది విదేశీ విరాళమే అవుతుంది. దాన్ని స్వీకరించడానికి 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి. నమోదు దొరికినా ఆ డబ్బు న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోకే రావాలి. 2020 సవరణ తర్వాత ఒక సంస్థ అలా పొందిన డబ్బును మరో సంస్థకు బదిలీ చేయకూడదు కూడా. కొడుకు తల్లి ఇంటి ఖర్చులకు పంపే డబ్బు వేరు, సంస్థ పేరున సేవకోసం వచ్చే డబ్బు వేరు. ఈ రెండూ ఒకే ఖాతాలో కలిస్తే మంచి ఉద్దేశంతో చేసిన పనే చట్టం ముందు ఇబ్బందిగా మారుతుంది.

స్టీల్‌ప్లాంటు, ఓడరేవు, రిఫైనరీ, షిప్‌యార్డు ఉన్న నగరంలో సంస్థల సామాజిక బాధ్యత నిధులు సులువుగా దొరుకుతాయనుకోవడం సహజం. 2013 కంపెనీల చట్టం ప్రకారం నిర్దేశిత పరిమాణం దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు నికరలాభంలో కనీసం 2 శాతం ఇందుకు ఖర్చు చేయాలి. అయితే ఆ డబ్బుతో పని చేయించే సంస్థకు పన్ను శాఖ నమోదులతోపాటు సాధారణంగా కనీసం మూడేళ్ల అనుభవం, కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర ప్రత్యేక నమోదు ఉండాలి. కంపెనీ అధికారి అడిగే మొదటి ప్రశ్న నిరుడు చేసిన పని ఈ ఏడు ఎలా ఉందని. దానికి జవాబు చెప్పలేకపోవడం వల్లే చాలా దరఖాస్తులు ముందుకు సాగవు.

ఇప్పుడు పనుల్లోకి వెళ్దాం. అన్నిటికంటే తరచుగా జరిగేది, అన్నిటికంటే తక్కువగా అర్థమయ్యేది రక్తదాన శిబిరం. ఆగస్టు 15న, గాంధీ జయంతినాడు, ప్రముఖుల పుట్టినరోజులకు నగరంలో ఒకేరోజు అనేక శిబిరాలు జరుగుతాయి. రక్తం నిల్వ ఉండే సరుకు కాదు. వేరుచేసిన ఎర్రకణాలు, వాడిన ద్రావణాన్ని బట్టి, 35 నుంచి 42 రోజులు నిలుస్తాయి. ప్లేట్‌లెట్లు 5 రోజులే. ఆగస్టు 15న కుప్పగా వచ్చిన రక్తం అక్టోబరు దాకా ఆగదు. మరోవైపు ఏప్రిల్, మే నెలల్లో కాలేజీలకు సెలవులు కావడంతో విద్యార్థి దాతలు దొరకరు. తలసేమియా ఉన్న బిడ్డకు మూడు నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి; ఆ బిడ్డకు పంచాంగంలోని పండుగలతో పనిలేదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి, ఒడిశా సరిహద్దు ఊళ్ల నుంచి కూడా రోగులు వచ్చిచేరే కింగ్ జార్జ్ ఆసుపత్రి 1923 నుంచి ఈ ప్రాంతానికంతటికీ పెద్ద దిక్కు. అక్కడ ఏ వారంలో ఏ గ్రూపు రక్తం తక్కువగా ఉందో అడిగి, ఆ వారంలో ఇరవైమందిని పంపే క్లబ్బు, ఒక్కరోజున రెండు వందల మందిని పంపే క్లబ్బుకంటే ఎక్కువ మేలు చేస్తుందని నా గట్టి నమ్మకం.

ఈ శిబిరాల్లో మరో సంగతి ఎవరి దృష్టికీ రాకుండా పోతుంది. దాతకు వయసు 18 నుంచి 65 మధ్య, బరువు కనీసం 45 కిలోలు, హిమోగ్లోబిన్ డెసిలీటరు రక్తానికి కనీసం 12.5 గ్రాములు ఉండాలి. మహిళా క్లబ్బు శిబిరం పెడితే స్త్రీలు ఉత్సాహంగా వస్తారు. వేలికొస నుంచి చుక్క తీసి చూడగానే వారిలో చాలామందిని వెనక్కి పంపేస్తారు. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మధ్య స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది కాబట్టి అందులో ఆశ్చర్యం లేదు. వెనక్కి పంపిన స్త్రీకి పళ్లరసం ఇచ్చి, మరోసారి ఇద్దురులెండి అని చెప్పి పంపేస్తారు. ఆమె పేరు, ఫోన్ నంబరు, వచ్చిన అంకె ఒక పుస్తకంలో రాసుకుని, దగ్గరలోని పట్టణ ఆరోగ్య కేంద్రం నుంచి ఐరన్ మాత్రలు ఇప్పించి, మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్షకు పిలిస్తే, అదే శిబిరం రక్తదానంతోపాటు రక్తహీనత నివారణ కార్యక్రమం కూడా అవుతుంది. దీనికి అదనంగా కావలసింది ఒక నోటుపుస్తకం, ఫోన్లు చేసే ఓపిక.

కంటి శిబిరాలు ఇంతకంటే క్రమబద్ధంగా సాగుతున్నాయి. ఊళ్లో పరీక్ష చేసి, శుక్లం ఉన్నవారిని బస్సులో ఆసుపత్రికి తీసుకెళ్లి ఆపరేషన్ చేసి తిరిగి దింపే పద్ధతి స్థిరపడింది. విశాఖలో పెద్ద కంటి ఆసుపత్రులు, వాటి సేవా విభాగాలు ఉండటం ఇందుకు కలిసొచ్చింది. క్లబ్బు చేయగలిగింది ఆసుపత్రి చేయలేని భాగం: భయపడుతున్న ముసలమ్మకు నచ్చజెప్పడం, ఆమెతో ఒక తోడును పంపడం, ఆ తోడు మనిషి కూలి పోకుండా చూడటం, ఆపరేషన్ తర్వాత వారాల తరబడి చుక్కల మందు వేస్తున్నారో లేదో కనుక్కోవడం. శుక్లాల హడావిడిలో దగ్గరచూపు అద్దాలను చాలామంది మరిచిపోతారు. నలభై దాటాక దాదాపు అందరికీ దగ్గరి వస్తువులు మసకబారతాయి. పెదజాలారిపేటలో వలలు బాగుచేసేవారికి, బియ్యంలో రాళ్లు ఏరే ఆయాలకు, సూదిలో దారం ఎక్కించలేకపోతున్న దర్జీలకు, సరిగా పరీక్షించి ఇచ్చిన ఒక జత చవక అద్దాలు మర్నాటి నుంచే పనికొస్తాయి. సేవలో పెట్టిన రూపాయికి ఇంత తొందరగా ఫలితం కనిపించేది మరొకటి నాకు తెలియదు.

పాఠశాలల్లో శానిటరీ న్యాప్‌కిన్ల యంత్రాల గురించి చెప్పాలంటే బాధ కలుగుతుంది. నేను చూసిన ఒక ప్రభుత్వ బాలికల పాఠశాలలో గోడకు బిగించిన యంత్రం మీద దాత పేరు చెక్కుచెదరకుండా ఉంది. లోపల న్యాప్‌కిన్లు లేవు. తాళం చెవి ఎవరి దగ్గరుందో ఉపాధ్యాయినులకూ తెలియదు. పక్కనే ఉన్న దహన యంత్రానికి విద్యుత్ కనెక్షన్ ఇవ్వలేదు. 2021లో రాష్ట్ర ప్రభుత్వం స్వేచ్ఛ పేరుతో ఏడో తరగతి నుంచి ఇంటర్ దాకా చదివే బాలికలకు నెలకు 10 చొప్పున న్యాప్‌కిన్లు ఇచ్చే కార్యక్రమం తెచ్చింది. అలాంటి సరఫరా ఉన్నచోట క్లబ్బు మళ్లీ న్యాప్‌కిన్లే పంచడం కంటే, మరుగుదొడ్డిలో నీరు, లోపలి గడియ, మూత ఉన్న చెత్తబుట్ట, దాన్ని రోజూ తీసే ఆయా ఉన్నాయో లేదో చూడటం అవసరం. వీటికి రిబ్బను కత్తిరించలేం, కానీ ఆడపిల్ల బడి మానేసేది ఇవి లేకపోవడం వల్లే.

కుట్టుమిషన్ల పంపిణీది కూడా ఇంచుమించు ఇదే కథ. మిషను ఇచ్చేముందు ఆమెకు కుట్టు వచ్చా, జాకెట్టు కత్తిరింపు వచ్చా, ఫాల్, పీకో చేయగలదా, ఆమె వీధిలో ఇప్పటికే ఎందరు కుడుతున్నారు అన్నవి అడగాలి. మిషనుకంటే ముందు మూడు నెలల శిక్షణ, మిషను తర్వాత మొదటి యాభై ఆర్డర్లు కావాలి. సభ్యులు తమ జాకెట్లు ఆమెకే ఇస్తే ఆ యాభై సులువుగా సమకూరుతాయి.

ఆరోగ్య కార్యక్రమాల్లో పదవీకాలపు చిక్కు అన్నిటికంటే స్పష్టంగా బయటపడేది గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ విషయంలో. ఈ క్యాన్సర్‌కు ప్రధాన కారణమైన హెచ్‌పీవీ వైరస్‌ను అడ్డుకునే టీకా ఉంది. 2022లో సీరం ఇన్‌స్టిట్యూట్ సెర్వావ్యాక్ పేరుతో దేశీయ టీకాను ప్రకటించింది. అందువల్ల ఇటీవల ఎన్నో క్లబ్బులు పేద బాలికలకు ఈ టీకా వేయిస్తున్నాయి. ఇది మెచ్చదగిన మలుపు. 9 నుంచి 14 ఏళ్ల బాలికలకు రెండు డోసుల పద్ధతిలో రెండోది 6 నెలల తర్వాత వేయాలి. ఒక్క డోసుతో కూడా దీటైన రక్షణ లభిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రకటించింది కాబట్టి, ఏ పద్ధతి అనుసరించాలో వైద్యులు ముందే నిర్ణయించి తల్లిదండ్రులకు చెప్పాలి. రెండు డోసులని నిర్ణయించి, మహిళా దినోత్సవం సందర్భంగా మార్చి 8న మొదటి డోసు వేశారనుకోండి. రెండోది సెప్టెంబరులో రావాలి. ఆ నాటికి అధ్యక్షురాలు మారిపోయారు, కోశాధికారి మారిపోయారు, బడిలో పిల్లలు పై తరగతికో వేరే బడికో వెళ్లిపోయారు. రెండో డోసుకు డబ్బు మార్చిలోనే పక్కన పెట్టకపోతే, పిల్లల చిరునామాలు అప్పగించకపోతే, తలపెట్టిన పని సగంలో ఆగుతుంది.

ఇక 30 ఏళ్లు దాటిన స్త్రీలకు టీకాకంటే పరీక్ష ముఖ్యం. 30 నుంచి 65 ఏళ్ల మధ్య ఐదేళ్లకొకసారి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం పరీక్షించాలని జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. శిక్షణ పొందిన నర్సు పలుచని ఎసిటిక్ ఆమ్లంతో చేసే గర్భాశయ ముఖద్వార పరీక్ష కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. ఆ తర్వాతే అసలు సమస్య మొదలవుతుంది. అనుమానం ఉందని తేలిన స్త్రీ కింగ్ జార్జ్ ఆసుపత్రికో, అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికో వెళ్లాలి. ఆమె ఇంట్లో చెప్పాలి, సెలవు పెట్టాలి, ఓపీలో నిలబడాలి. వంద మందిని పరీక్షించి ఐదుగురిని చీటీ రాసి పంపేసే శిబిరంకంటే, నలభై మందిని పరీక్షించి అనుమానమున్న ఇద్దరి వెంట సభ్యురాలు స్వయంగా ఆసుపత్రికి వెళ్లే శిబిరం మేలు. వ్యక్తిగత సేవ అన్న మాటకు అర్థం ఇక్కడే ఉంది. సాటి స్త్రీతో తన శరీరం గురించి చెప్పుకోగల చనువు ఈ క్లబ్బులకు ఉన్న బలం. స్త్రీలే నడిపే క్లబ్బు ఇంకా ఎందుకన్న ప్రశ్నకు నా సమాధానం కూడా అదే.

సేవ ఎక్కడ చేరుతోంది అన్నది మరో చిక్కు. నగరం నడిబొడ్డున ఉన్న వృద్ధాశ్రమానికి వృద్ధుల దినమైన అక్టోబరు 1న, ఆదివారాల్లో, పండుగలకు వచ్చే భోజనాలు ఎక్కువై మిగిలిపోతాయి. వానపడే మంగళవారం ఎవరూ రారు. సిరిపురానికి దగ్గరి బడిని ముగ్గురు దత్తత తీసుకుంటే, ఆరిలోవ కొండవాలులోని బడికి ఒక్కరూ దొరకరు. క్లబ్బులన్నీ కలిసి ఒక ఉమ్మడి తేదీల పట్టిక పెట్టుకుంటే ఇది తీరుతుంది. అందుకు పెద్ద ఖర్చేమీ లేదు. ఆశ్రమ నిర్వాహకులే గోడకు ఒక క్యాలెండరు తగిలించి, నిండిన తేదీలు కొట్టేసి, ఖాళీ తేదీలు చూపించవచ్చు.

మన్యం విషయంలో దూరం ఒక్కటే అడ్డంకి కాదు. లంబసింగిలో డిసెంబరులో చలి గడ్డకట్టించే స్థాయికి చేరుతుంది. దుప్పట్లు మాత్రం సంక్రాంతి హడావిడి తీరాక, పర్యాటకుల రద్దీ తగ్గాక చేరుతుంటాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజనతో పాడేరు, అరకు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి. విశాఖ క్లబ్బులకు అలవాటైన అధికారులు, ఆశ్రమ పాఠశాలల పరిచయాలు ఆ మేరకు మళ్లీ కొత్తగా కుదుర్చుకోవలసి వచ్చింది. వెళ్లేముందు వార్డెనుకు ఫోన్ చేసి ఏం తక్కువైందో అడిగితే, కొన్నిసార్లు జవాబు దుప్పటి కాకపోవచ్చు. గజ్జి మందు కావచ్చు, నీళ్లమోటారు మరమ్మతు కావచ్చు, రాత్రిపూట వరండాలో ఒక దీపం కావచ్చు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను చుట్టేసినప్పుడు కరెంటు, నీరు, ఫోన్లు రోజుల తరబడి లేవు. విపత్తు వచ్చిన మొదటి మూడు రోజులు అన్నం పొట్లాలు, మంచినీళ్లు అవసరం, వాటికి మనుషులు దొరుకుతారు. మూడో వారానికి పుస్తకాలు తడిసిపోయిన పిల్లలు, వల పోయిన జాలరి, పందిరి కూలిన టిఫిన్ బండి ఆమె మిగులుతారు. అప్పటికి వార్తల్లో ఆ ఊసు ఉండదు. సేవాసంస్థ సిద్ధంగా ఉండవలసింది ఆ మూడో వారానికే.

ఈ స్త్రీల శ్రమ గురించి కూడా న్యాయంగా మాట్లాడాలి. సభ్యుల్లో విశ్రాంత ఉపాధ్యాయినులు, బ్యాంకు ఉద్యోగం చేసి వచ్చినవారు, వైద్యులు, ఇంటిని నడిపే గృహిణులు ఉంటారు. పొద్దున్నే వంట ముగించి, అత్తగారి మందులు ఇచ్చి, మనవణ్ణి బడి నుంచి తెచ్చేలోపు దొరికే మూడు గంటల్లో ఈ పనంతా చేస్తారు. ఇంటి లెక్కలు తప్ప చూడని స్త్రీ ఇక్కడ కోశాధికారి అయ్యి ఆడిటరుతో మాట్లాడటం నేర్చుకుంటుంది. దాన్ని కాలక్షేపం అనేవారు ఒక్క శిబిరం ఏర్పాట్లు చేసి చూడాలి. అదే సమయంలో సమావేశాలు పనిరోజుల్లో పదకొండు గంటలకు పెట్టడం వల్ల ఉద్యోగినులు, నర్సులు, దుకాణం నడిపే స్త్రీలు దూరమవుతున్నారని కూడా గుర్తించాలి. వారు వస్తే ఊరి అవసరాలు వారే చెబుతారు. నెలకొక సమావేశమైనా ఆదివారం సాయంత్రం జరిపితే ఆ తలుపు తెరుచుకుంటుంది.

జూన్ చివరి వారంలో పాత కార్యదర్శి కొత్త కార్యదర్శికి ఇచ్చేది సాధారణంగా మినిట్స్ పుస్తకం, బ్యాంకు కాగితాలు, ఫొటోల ఆల్బమ్. వాటితోపాటు ఇంకొక పుస్తకం ఇవ్వాలి. అందులో బడి గోడమీది యంత్రం తాళంచెవి ఎవరి దగ్గరుందో, చలివేంద్రానికి క్యాన్లు వేసిన అతని ఫోన్ నంబరు, రక్తదాన శిబిరంలో వెనక్కి పంపిన స్త్రీల హిమోగ్లోబిన్ అంకెలు, మిషను తీసుకున్న ఆమె ఇప్పుడు వారానికి ఎన్ని జాకెట్లు కుడుతోందో, పాడేరు వార్డెను ఏం అడిగారో, ఏది ఇవ్వలేకపోయామో ఉండాలి. కొత్త సంవత్సరపు మొదటి సమావేశంలో, కొత్త ప్రాజెక్టుల ప్రస్తావనకు ముందే, కొత్త కార్యదర్శి ఆ పుస్తకం తెరిచి, సెప్టెంబరు రెండో వారంలో రెండో డోసు పడాల్సిన పిల్లల పేర్లు ఒక్కొక్కటిగా చదివి, ఎవరి ఇంటికి ఎవరు వెళ్తారో అక్కడికక్కడే రాసుకోవాలి.